24 వేల మందితో ఏం ఒరిగింది? మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా నిర్బంధ సైనికుల లెక్క

క్లుప్తంగా: 1917లో కెనడా తెచ్చిన నిర్బంధ సైనిక భర్తీ చట్టం కింద 4 లక్షల మందికి పైగా పేర్లు నమోదయ్యాయి. యుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్స్ చేరినవారు 24,132 మంది. ఈ ఒక్క అంకె ఆధారంగా చట్టం విఫలమైందని చాలాకాలం అనుకున్నారు. ఆ 24 వేల మంది ఏ నెలల్లో చేరారు, ఏ దళాల్లో చేరారు అన్నది పరిశీలిస్తే సైనికంగా ఫలితం వేరుగా కనిపిస్తుంది. రాజకీయంగా చెల్లించిన మూల్యం మాత్రం చిన్నది కాదు.

ఏటా నవంబరు 11 వచ్చేసరికి ఒక కెనడా సైనికుడి పేరు పత్రికల్లోకి వస్తుంది. ప్రైవేట్ జార్జ్ లారెన్స్ ప్రైస్ 1918లో అదే రోజు ఉదయం 10 గంటల 58 నిమిషాలకు, అంటే కాల్పుల విరమణకు రెండు నిమిషాల ముందు, బెల్జియంలో మోన్స్ సమీపాన ఉన్న విల్-సుర్-ఎన్ అనే ఊళ్లో తుపాకీ గుండుకు బలయ్యాడు. పశ్చిమ రంగంలో యుద్ధకాలంలో చనిపోయిన చివరి కెనడా సైనికుడిగా అతన్నే గుర్తిస్తారు. నోవా స్కోషియాలో పుట్టి, సస్కాచెవాన్‌లోని మూస్ జా పట్టణంలో ఉంటున్న అతను నిర్బంధ భర్తీ కింద సైన్యంలోకి వచ్చినవాడన్న సంగతి మాత్రం చాలా కథనాల్లో ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. నిర్బంధ సైనికులు యుద్ధరంగానికి చేరనే లేదన్న వాదన ఒకవైపు, చివరి మరణం అటువంటి సైనికుడిదే కావడం మరోవైపు ఉంటే పాఠకుడు తికమకపడడం సహజం. స్వీడన్, లాత్వియా వంటి దేశాలు నిర్బంధ సైనిక సేవను ఇటీవల మళ్లీ తెచ్చిన నేపథ్యంలో ఈ పాత లెక్కపై ఆసక్తి పెరిగింది. భారత సైన్యం స్వచ్ఛంద భర్తీతోనే నడుస్తుంది కాబట్టి ఇటువంటి చట్టం ఒక పౌరుణ్ణి ఇంటి గుమ్మం నుంచి కందకం దాకా ఎలా నడిపిస్తుందన్నది తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేని విషయం.

స్వచ్ఛంద భర్తీ ఎందుకు ఎండిపోయింది

1914లో యుద్ధం మొదలైనప్పుడు కెనడాలో సైన్యంలో చేరేవారికి కొదవ లేదు. మొదటి దళంలో వెళ్లినవారిలో ఎక్కువమంది బ్రిటన్‌లో పుట్టి కెనడాకు వలస వచ్చినవారు. యుద్ధం వారికి పుట్టింటి పిలుపు. పైగా ఆ ఏడాది ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉండేది. 1916 వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. ఆయుధ కర్మాగారాలు, పొలాలు మనుషుల కోసం పోటీ పడ్డాయి, జీతాలు పెరిగాయి, చేరదలచినవారు అప్పటికే చేరిపోయారు. అదే ఏడాది నూతన సంవత్సర సందేశంలో ప్రధాని రాబర్ట్ బోర్డెన్ సైన్య పరిమాణాన్ని 5 లక్షలకు పెంచుతామని మాట ఇచ్చారు. అప్పటి కెనడా జనాభా సుమారు 80 లక్షలు.

1917 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని విమీ రిడ్జ్ విజయం కెనడాకు పేరు తెచ్చింది. నాలుగు రోజుల్లో 10,602 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది, మృతులే 3,598 మంది. బోర్డెన్ ఆ వసంతంలో బ్రిటన్, ఫ్రాన్స్ పర్యటనలో ఉన్నారు, ఆసుపత్రుల్లో క్షతగాత్రులను చూశారు. తిరిగి వచ్చాక మే 18న పార్లమెంటులో నిర్బంధ భర్తీ ఆలోచనను ప్రకటించారు. ఆగస్టు 29న మిలిటరీ సర్వీస్ చట్టం అమల్లోకి వచ్చింది. ఆ శరత్కాలంలో బెల్జియంలోని పాషెండేల్ యుద్ధం మరో 15 వేల మందికి పైగా మృతులను, క్షతగాత్రులను మిగిల్చి ప్రభుత్వ వాదనకు బలం చేకూర్చింది.

ఫ్రెంచ్ మాట్లాడేవారు ఎక్కువగా ఉండే క్యుబెక్ ప్రావిన్స్ వ్యతిరేకతను కేవలం యుద్ధ విముఖతగా చూడడం సరికాదు. ఫ్రెంచ్ కెనడియన్లు తరాలుగా అక్కడి నేలకు అలవాటుపడినవారు, వారికి బ్రిటన్‌తో రక్తసంబంధం లేదు, ఫ్రాన్స్‌తో బంధం ఎప్పుడో సన్నగిల్లింది. పొరుగు ఒంటారియోలో 1912లో వచ్చిన 17వ నిబంధన బడుల్లో ఫ్రెంచ్ బోధనను కుదించింది. సొంత దేశంలో తమ భాషకు చోటు లేనప్పుడు ఎక్కడి స్వేచ్ఛ కోసం పోరాడాలన్న ప్రశ్న అక్కడ బలంగా వినిపించింది. ముందు వరుసలో ఫ్రెంచ్ మాట్లాడే పదాతి బెటాలియన్ ఒక్కటే ఉండేది, అది 22వది.

పోస్టాఫీసులో రెండు ఫారాలు

చట్టం 20 నుంచి 45 ఏళ్ల మధ్య వయసు పురుషులందరినీ తరగతులుగా విభజించింది. ఆచరణలో పిలుపు అందుకున్నది ప్రధానంగా మొదటి తరగతే. 20 నుంచి 34 ఏళ్ల మధ్య వయసు ఉండి, పెళ్లికానివారు, భార్య చనిపోయి పిల్లలు లేనివారు ఇందులోకి వస్తారు. 1917 జూలై 6 నాటి వైవాహిక స్థితినే లెక్కలోకి తీసుకున్నారు కనుక, చట్టం వచ్చాక హడావుడిగా పెళ్లి చేసుకున్నా ఫలితం లేకపోయింది. అక్టోబరు 13న ప్రకటన వెలువడింది. మొదటి తరగతి వారంతా నవంబరు 10 లోపు పోస్టాఫీసుకు వెళ్లి రెండు ఫారాల్లో ఒకటి నింపాలి: సేవకు సిద్ధమని ఒకటి, మినహాయింపు కోరుతూ మరొకటి. 4 లక్షల పైచిలుకు మందిలో 3,80,510 మంది ఏదో ఒక దశలో మినహాయింపు కోసం ప్రయత్నించారు.

ఈ అంకెను క్యుబెక్‌కు అంటగట్టడం తరచూ జరిగే పొరపాటు. ఒంటారియో రైతు కొడుకులు, పశ్చిమ మైదానాల గోధుమ రైతులు, గనుల్లో పనిచేసేవారు, పడమటి తీరంలోని మత్స్యకారులు అందరూ అదే ఫారం నింపారు. మినహాయింపుకు చట్టంలోనే కారణాలు ఉన్నాయి: దేశ ప్రయోజనానికి అవసరమైన పని, చదువు, కుటుంబ భారం, అనారోగ్యం, యుద్ధాన్ని నిషేధించే మతవిశ్వాసం. వీటిని తేల్చేందుకు ఊరూరా ఇద్దరేసి సభ్యులతో స్థానిక ట్రిబ్యునళ్లు ఏర్పాటయ్యాయి, వాటిపై అప్పీలు ట్రిబ్యునళ్లు, అన్నింటిపైన సుప్రీంకోర్టు న్యాయమూర్తి లైమన్ డఫ్ తుది అప్పీలు న్యాయమూర్తిగా ఉన్నారు. ఒకే రకం పరిస్థితి ఉన్న ఇద్దరికి రెండు జిల్లాల్లో రెండు రకాల తీర్పు రావడం ఈ ఏర్పాటులోనే ఉన్న లోపం. తీర్పు చెప్పేవారు స్థానికులు కావడంతో తమ ఊరి పొలాలు బీడు పడకూడదనే చూసుకున్నారు. ఓటు హక్కు లేనివారిని, ఒప్పందాల ద్వారా హామీలు పొందినవారిని బలవంతంగా పంపడం ఎలాగన్న అభ్యంతరం రావడంతో 1918 జనవరిలో ఆదివాసీ ప్రజలకు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు.

ఎన్నిక, రద్దు, వీధి పోరాటం

1917 డిసెంబరు 17 ఎన్నిక నిజానికి ఈ చట్టంపై ప్రజాభిప్రాయ సేకరణ. అంతకు ముందే ప్రభుత్వం ఓటర్ల జాబితాను తనకు అనువుగా మలచుకుంది. సైనికుల తల్లులకు, భార్యలకు, అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు ఓటు ఇచ్చి, శత్రుదేశాల్లో పుట్టి 1902 మార్చి తర్వాత పౌరసత్వం పొందినవారి ఓటు తీసేసింది. బోర్డెన్ యూనియన్ కూటమికి 153 స్థానాలు, విల్‌ఫ్రిడ్ లోరియే నాయకత్వంలోని లిబరళ్లకు 82 స్థానాలు వచ్చాయి. క్యుబెక్‌లోని 65 స్థానాల్లో 62 లిబరళ్లవి. దేశం భాషాపరంగా చీలిందని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఎన్నికలకు ముందు రైతు కొడుకులను వదిలేస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ హామీ ఆరు నెలలు కూడా నిలవలేదు. 1918 మార్చి 21న జర్మనీ పశ్చిమ రంగంలో భారీ దాడి ప్రారంభించడంతో లెక్కలన్నీ మారిపోయాయి. మార్చి 28 నుంచి ఏప్రిల్ 1 వరకు క్యుబెక్ నగరంలో అల్లర్లు జరిగి, సైన్యం కాల్పుల్లో పౌరులు మరణించారు. ఆ వేడి చల్లారకముందే ఏప్రిల్‌లో ప్రభుత్వం 20 నుంచి 22 ఏళ్ల వారి మినహాయింపులను మూకుమ్మడిగా రద్దు చేసింది. మే నెలలో వేలాది రైతులు రాజధాని ఒట్టావాకు తరలివచ్చారు. విత్తనాలు వేసే కాలంలో కొడుకులను తీసుకుపోతే పంట ఎవరు తీస్తారన్నది వారి ప్రశ్న.

పార్లమెంటు చట్టం ద్వారా వచ్చిన మినహాయింపును మంత్రివర్గం కేవలం ఒక ఉత్తర్వుతో తీసేయగలదా అన్న వివాదం కోర్టులకెక్కింది. జూన్ చివర్లో అల్బర్టా ప్రావిన్స్ కోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. జూలైలో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో చెల్లుతుందంది. యుద్ధకాలంలో కార్యనిర్వాహక వర్గానికి పార్లమెంటు ఎంత అధికారం బదలాయించవచ్చన్న చర్చలో ఆ తీర్పును కెనడా న్యాయశాస్త్రం ఇప్పటికీ ప్రస్తావిస్తుంది. సైనికంగా చూస్తే ఈ రద్దు వల్లనే ఆ వేసవిలో భర్తీ వేగం పుంజుకుంది.

డిపో నుంచి కందకం దాకా

పిలుపు అందుకున్న మొదటి యువకులు 1918 జనవరిలో సైనిక కేంద్రాలకు చేరారు. ప్రాంతాన్ని బట్టి రెజైనా, విన్నిపెగ్, టొరొంటో వంటి నగరాల్లోని డిపో బెటాలియన్‌కు వెళ్లాలి. అక్కడ నింపిన కాగితంలోనే ఇద్దరు సైనికుల మధ్య తేడా కనిపిస్తుంది. స్వచ్ఛందంగా వచ్చినవాడి పత్రంలో, విదేశీ దళంలో సేవ చేయడానికి సమ్మతమేనా అన్న ప్రశ్న ఉంటుంది, ప్రమాణం ఉంటుంది. నిర్బంధంగా వచ్చినవాడి పత్రం శీర్షికే ‘చట్టం కింద తీసుకున్న రిక్రూటు వివరాలు’. అందులో సమ్మతి ప్రస్తావన లేదు, పైన రాసిన వివరాలు తనవేనని, నిజమేనని సంతకం చేస్తే చాలు. జీతంలో మాత్రం తేడా లేదు. ఇద్దరికీ రోజుకు ఒక డాలరు, దానిపై పది సెంట్ల రంగ భత్యం.

డిపోలో కొన్ని వారాలు గడిచాక రైలు, ఆపై తూర్పు తీరం నుంచి ఓడ. ఇంగ్లండ్‌లో దిగగానే నేరుగా శిక్షణ ఉండదు. తట్టు, గవదబిళ్లల వంటి అంటువ్యాధులు పాకకుండా కొత్తగా వచ్చినవారిని వేరుగా ఉంచే శిబిరాల్లో కొన్ని వారాలు గడపాలి. తర్వాత బ్రామ్‌షాట్, విట్లీ, సీఫర్డ్ వంటి చోట్ల ఉన్న రిజర్వు బెటాలియన్లలో రైఫిల్, బయనెట్, గ్రెనేడ్, విషవాయువు ముసుగు, లూయిస్ మెషిన్ గన్‌లపై శిక్షణ. అక్కడి నుంచి ఛానల్ దాటి ఎటాప్ల స్థావరానికి, ఆపై కెనడా కోర్ (యుద్ధరంగంలోని కెనడా డివిజన్లన్నీ కలిసిన సేన) అదనపు దళాల శిబిరానికి, చివరికి బెటాలియన్‌కు.

ఈ మార్గమంతా దాటడానికి నెలలు పట్టేది. జనవరిలో డిపోకు వచ్చినవాడు ముందు వరుసకు చేరేది వసంతం చివర్లోనో వేసవిలోనో. ఏప్రిల్ రద్దుతో మేలో వచ్చినవాడు సెప్టెంబరు, అక్టోబరుల్లో చేరగలడు. శరత్కాలంలో వచ్చినవాడికి దారిలో ఇన్‌ఫ్లుయెంజా ఎదురైంది, లేదంటే ఓడ దిగేలోపే యుద్ధం ముగిసింది. మొత్తం 99,651 మంది సైన్యంలో చేరినా 47,509 మందే సముద్రం దాటడానికి, వారిలో సగమే ఫ్రాన్స్ చేరడానికి కారణం చాలావరకు ఈ కాలవ్యవధే. 1919 వసంతం దాకా యుద్ధం సాగుతుందని అప్పట్లో సేనానులు అంచనా వేశారు. అలా సాగి ఉంటే ఈ అంకెలు పూర్తిగా వేరుగా ఉండేవి. చట్టం 1919 కోసం తయారైంది, యుద్ధమేమో 1918లోనే ముగిసింది.

24,132ను ఎలా చదవాలి

కెనడా మొత్తం దళంలో సుమారు 6 లక్షల 20 వేల మంది పనిచేశారు. దాని పక్కన 24 వేలు పెడితే నాలుగు శాతం. చట్టం విఫలమైందన్న వాదనకు మూలం ఈ నిష్పత్తే. కానీ పోల్చవలసిన రాశి అది కాదు. 1918 వేసవిలో కెనడా కోర్‌లో నాలుగు డివిజన్లు, 48 పదాతి బెటాలియన్లు ఉన్నాయి. వచ్చినవారిలో అత్యధికులను పదాతి దళానికే పంపారు. 24,132ను 48తో భాగిస్తే ఒక్కో బెటాలియన్‌కు 500 మంది. సుమారు వెయ్యి మంది ఉండే బెటాలియన్‌కు అది సగం బలం. కొందరు రైల్వే, అటవీ దళాల వంటి వాటికి వెళ్లారని మినహాయించినా తేలే చిత్రం పెద్దగా మారదు.

ఈ బలగం అవసరపడిన సమయం కూడా ముఖ్యం. ఆగస్టు 8న ఆమియాన్ వద్ద మొదలై నవంబరు 11న మోన్స్‌లో ముగిసిన పోరాటాన్ని ‘వంద రోజులు’ అంటారు, లెక్కపెడితే అవి 96. ఆ కాలంలో కెనడా కోర్‌లో 45 వేల మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, గల్లంతయ్యారు. సుమారు లక్ష మంది ఉన్న కోర్‌కు ఇది దాదాపు సగం. ఆమియాన్ దాడికి ముందు ప్రతి సైనికుడి జీతం పుస్తకంలో ‘నోరు మూసుకో’ అన్న శీర్షికతో ఒక చీటీ అంటించారు. రాత్రివేళల్లో నడిపించి, పగలు అడవుల్లో దాచి, దళాన్ని రహస్యంగా తరలించారు. మొదటి రోజే 13 కిలోమీటర్లు ముందుకు వెళ్లారు, ఆ రోజే దాదాపు 4 వేల మంది మరణించడమో గాయపడడమో జరిగింది. తర్వాత అర్రాస్, ద్రోకూర్-కెయాం రేఖ, నార్ కాలువ, కాంబ్రే, వాలెన్సియెన్ వరుసగా వచ్చాయి. ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ మధ్య రెండు మూడు వారాల వ్యవధి. ఆ వ్యవధిలో ఖాళీలు నింపగలిగితేనే తర్వాతి దాడి సాధ్యం.

22వ బెటాలియన్ ఉదాహరణ దీన్ని దగ్గరగా చూపిస్తుంది. ఆగస్టు 27, 28 తేదీల్లో షెరిసీ గ్రామం వద్ద ఆ బెటాలియన్ అధికారులంతా చనిపోవడమో గాయపడడమో జరిగింది. కాలు పోగొట్టుకున్న జార్జ్ వానియే తర్వాతి కాలంలో కెనడా గవర్నర్ జనరల్ అయ్యారు. ఫ్రెంచ్ మాట్లాడే ఆ బెటాలియన్‌ను మళ్లీ నింపాలంటే మనుషులు రావలసింది నిర్బంధ భర్తీని అందరికంటే గట్టిగా ఎదిరించిన క్యుబెక్ నుంచే.

బ్రిటన్, ఆస్ట్రేలియా దళాలతో పోలిక

1918 ఆరంభంలో మనుషుల కొరతతో బ్రిటిష్ సైన్యం ఒక్కో డివిజన్‌లోని 12 పదాతి బెటాలియన్లను 9కి కుదించింది. కెనడా కోర్‌ను కూడా అలాగే మార్చమని ఒత్తిడి వచ్చినప్పుడు దాని సేనాని జనరల్ ఆర్థర్ కర్రీ ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో ఎదురుచూస్తున్న 5వ డివిజన్‌ను రద్దు చేయించి, ఆ మనుషులతో ప్రతి బెటాలియన్‌కు వంద మంది చొప్పున అదనంగా చేర్చారు. పెద్ద డివిజన్లు దెబ్బ తిన్నా మళ్లీ లేవగలవన్నది ఆయన తర్కం. ఆ తర్కం నిలబడాలంటే వెనుక నుంచి మనుషులు వస్తూనే ఉండాలి. 5వ డివిజన్ ఒక్కసారి తోడుకునే బావి, దాని తర్వాత ఊట నిర్బంధ భర్తీయే.

ఆస్ట్రేలియాలో ఇదే ప్రశ్నను 1916లోనూ 1917లోనూ ప్రజల ముందు పెడితే రెండుసార్లూ తిరస్కరించారు. ఆస్ట్రేలియా సైనికుల యుద్ధపటిమ కెనడా వారికేమీ తీసిపోదు. అయితే వారి బెటాలియన్లు 1918 శరత్కాలానికి కొన్ని వందల మందికి తగ్గిపోయాయి. కొన్నింటిని రద్దు చేయబోతే, తమ బెటాలియన్ పేరు పోకూడదని సెప్టెంబరులో సైనికులే ఎదురుతిరిగారు. అక్టోబరు మొదటి వారం తర్వాత ఆస్ట్రేలియా పదాతి దళం ముందు వరుసకు తిరిగి రాలేదు. అదే సమయంలో కెనడా కోర్ కాంబ్రేను పట్టుకుని, ఇంకో నెల పోరాడి మోన్స్ చేరింది. నాయకత్వం, ఫిరంగిదళం, ఇంజనీర్ల సంఖ్య వంటి ఇతర కారణాలు ఉన్నాయి కాబట్టి తేడా అంతా నిర్బంధ భర్తీదే అనడం అతిశయోక్తి అవుతుంది. దాని పాత్రను సున్నాగా చూపడం మాత్రం అంకెలకు విరుద్ధం.

చివరి ఉదయం

నిర్బంధంగా వచ్చినవాడు పోరాడడు అన్నది ఆ రోజుల్లో బాగా ప్రచారంలో ఉన్న అపోహ. ప్రైస్ చివరి గంటలు అందుకు భిన్నంగా ఉన్నాయి. అతను ఉన్న 28వ బెటాలియన్ నవంబరు 11 తెల్లవారుజామున కదిలి, 9 గంటలకల్లా సాంత్ర్ కాలువ గట్టుకు చేరింది. 11 గంటలకు కాల్పులు ఆగుతాయన్న కబురు అందింది. ఆవలి ఒడ్డున ఉన్న ఇళ్లలో ఇటుకలు ఊడదీసి తుపాకీ రంధ్రాలు చేసిన గుర్తులు కనిపించడంతో, గట్టు మీద తమవాళ్లకు రక్షణ లేదని ప్రైస్, మరి కొందరు వంతెన దాటి ఇళ్లు వెతకడానికి వెళ్లారు. పైనుంచి ఆదేశం లేకుండా సొంతంగానే ఆ పని చేశారని తోటి సైనికుడు తర్వాత చెప్పాడు. వెనక్కి తగ్గుతున్న జర్మన్ల మెషిన్ గన్ నుంచి గోడల చాటున తప్పించుకున్నారు. ఒక ఇంట్లోంచి వీధిలోకి అడుగు పెట్టగానే ప్రైస్ గుండెల్లో గుండు దిగింది. ఒక బెల్జియన్ యువతి వీధి దాటి పరుగున వచ్చి సాయం చేయబోయినా ప్రాణం నిలవలేదు. ఇప్పుడు ఆ కాలువపై ఒక వంతెనకు అతని పేరుంది, సమాధి సాన్ సింఫోరియాన్ సైనిక శ్మశానంలో ఉంది.

తర్వాతి యుద్ధంలో

1917 చేదు జ్ఞాపకం రెండో ప్రపంచ యుద్ధ విధానాన్ని నేరుగా శాసించింది. ప్రధాని మెకెంజీ కింగ్ 1940లో తెచ్చిన చట్టం నిర్బంధ సైనికులను స్వదేశ రక్షణకే పరిమితం చేసింది. 1942 ఏప్రిల్‌లో, వారిని విదేశాలకు పంపనన్న హామీ నుంచి తనను విడుదల చేయమని ప్రజలను అడిగితే దేశం మొత్తం మీద 64 శాతం ఒప్పుకుంటే, క్యుబెక్‌లో 72 శాతం కాదన్నారు. విదేశాలకు వెళ్లడానికి ఒప్పుకోని సైనికులను తోటివారు ‘జాంబీలు’ అని ఎగతాళి చేసేవారు. 1944 శరత్కాలంలో యూరప్‌లో పదాతి కొరత ముదిరాక, రక్షణ మంత్రి రాల్‌స్టన్ నిష్క్రమణ తర్వాత, నవంబరులో 16 వేల మందిని పంపే నిర్ణయం వెలువడింది. బ్రిటిష్ కొలంబియాలోని టెర్రస్‌లో సైనికులు తిరగబడ్డారు. చివరికి 12,908 మంది సముద్రం దాటారు, 2,463 మంది ముందు వరుస దళాల్లో చేరారు. 1918తో పోలిస్తే ఇది పదో వంతు. 1918 నాటి నిర్బంధ భర్తీ ఫలితాన్ని కూడా ఈ రెండో అనుభవం గుండా చూడడం వల్లనే తక్కువ అంచనా వేయడం జరిగిందనుకోవచ్చు.

రికార్డుల్లో గుర్తించడం

మొదటి ప్రపంచ యుద్ధ కెనడా సైనికుల వ్యక్తిగత ఫైళ్లను ఆ దేశ జాతీయ గ్రంథాలయ, పత్రాగార సంస్థ డిజిటల్ రూపంలో ఉచితంగా అందుబాటులో ఉంచింది. వంశచరిత్ర వెతుకుతున్నవారు సాధారణంగా సైనిక సంఖ్యను బట్టి తేల్చుకుంటారు. 30 లక్షలతో మొదలయ్యే సంఖ్యలు ఎక్కువగా నిర్బంధ భర్తీ కింద వచ్చినవారివే. ఈ గుర్తు అన్నిచోట్లా పనికిరాదు, ప్రైస్ సంఖ్యే 256265. కాబట్టి సంఖ్యతో ఆగకుండా ఫైలు తెరిచి మొదటి కాగితం శీర్షిక చూడాలి: ప్రమాణ పత్రమా, ‘రిక్రూటు వివరాలు’ అన్న పత్రమా అన్నది అక్కడే తెలుస్తుంది.